మందులు రాయనివాళ్లం మందుల గురించి ఎందుకు చదవాలి: ఫిజియోథెరపీ విద్యార్థిగా నా అనుభవం

ఫిజియోథెరపీ డిగ్రీ రెండో ఏడాదిలో మాకు ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం, ఒక పేపరుగా ఉండేది. మన దేశంలో మందుల చీటీ రాసే అధికారం రిజిస్టర్డ్ వైద్యులదే. అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం 2021లో వచ్చి మా వృత్తిని కూడా తన పరిధిలోకి తీసుకున్నా ఈ విషయంలో మార్పేమీ లేదు. అందువల్ల మా తరగతిలో చాలామంది ఫార్మకాలజీని పాసైతే చాలనుకునే పేపర్ల కింద జమకట్టారు. ఆ పేపరు చదివి, తర్వాత హైదరాబాదులోని ఒక బోధనాసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేసిన మీదట నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. మన బల్ల మీద పడుకున్న రోగి ఒంట్లో ఆ గంటలో ఏ మందు ఏం చేస్తోందో తెలియకుండా మనం కండరాల బలం కొలిచినా, నడక చూసినా, నొప్పికి మార్కులు వేయించినా ఆ అంకెలను నమ్మడానికి వీల్లేదు. ఈ అభిప్రాయం నాకు ఎలా ఏర్పడిందో, ముందు ముందు ఈ పేపరు చదవబోయే వాళ్ల కోసం వివరంగా రాస్తున్నాను.

మాకు పాఠం చెప్పిన మేడం మొదటి వారంలో పుస్తకం తెరవనివ్వలేదు. ఇంట్లో పెద్దవాళ్లు వాడే మందుల స్ట్రిప్పులు ఖాళీవైనా సరే తెమ్మన్నారు. నేను మా నాన్నగారి బీపీ మాత్రల స్ట్రిప్పు పట్టుకెళ్లాను. దాని మీద కంపెనీ పెట్టిన పేరుతోపాటు మెటోప్రొలాల్ సక్సినేట్ ప్రొలాంగ్డ్ రిలీజ్ టాబ్లెట్స్ ఐపీ అని అసలు పేరు, 50 మిల్లీగ్రాముల మోతాదు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, తయారీ లైసెన్సు నంబరు, ఒక మూల ఆర్ఎక్స్ గుర్తు, దాని కింద వైద్యుడి చీటీ లేకుండా అమ్మరాదన్న హెచ్చరిక ఉన్నాయి. ఇందులో ప్రతి ముక్కకూ ఒక అర్థం ఉందని మేడం ఒక్కొక్కటిగా విప్పి చెప్పారు. ఐపీ అంటే ఇండియన్ ఫార్మకోపియా, అంటే ఘజియాబాద్‌లోని కమిషన్ ప్రచురించే గ్రంథంలోని ప్రమాణాలకు ఆ మాత్ర సరిపోవాలన్న మాట. ప్రొలాంగ్డ్ రిలీజ్ అంటే మందు కొంచెం కొంచెంగా విడుదలయ్యేటట్టు చేసిన మాత్ర కాబట్టి, మింగడం కష్టంగా ఉందని దాన్ని నూరి ఇస్తే ఒక రోజంతా అందాల్సిన మందు ఒక్కసారిగా రక్తంలోకి చేరుతుంది. పక్షవాతం వచ్చి మింగలేకపోతున్న రోగులను రోజూ చూసేది మేమే కనుక ఈ ఒక్క మాట తెలిసి ఉండటం మాకెంత అవసరమో అప్పుడే అర్థమైంది.

మందు ఒంట్లోకి చేరడం, ఒళ్లంతా పాకడం, మార్పు చెందడం, బయటికి పోవడం అనే నాలుగు దశలను పరీక్ష కోసం అందరం బట్టీ పట్టాం. నోటి ద్వారా వేసుకున్న మందు పేగుల నుంచి ముందుగా కాలేయానికే వెళ్తుంది కాబట్టి కొన్ని మందుల్లో పెద్ద భాగం అక్కడే ఖర్చయిపోతుంది. గుండెనొప్పి ఉన్నవాళ్లు నైట్రోగ్లిజరిన్ మాత్రను నాలుక కింద పెట్టుకోవడానికి కారణం అదే. వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా పట్టుకున్నది అర్ధాయువు. రక్తంలో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే సమయం అది. క్రమం తప్పకుండా వేసుకుంటూ పోతే నాలుగైదు అర్ధాయువులు గడిచేసరికి లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ సరిసమానమై మందు ఒక స్థాయిలో నిలబడుతుంది. మా కాలనీలో రోజు విడిచి రోజు నల్లా వచ్చి సంపు నిండుతుంటే, మేం రోజూ వాడుకుంటున్నా నీటి మట్టం ఒక పైగీతకూ ఒక కిందిగీతకూ మధ్యనే ఆడుతూ ఉంటుంది కదా, ఇదీ అటువంటిదే. ఆ రెండు గీతల మధ్య దూరం కొన్ని మందుల్లో తక్కువగా, కొన్నింటిలో చాలా ఎక్కువగా ఉంటుంది. పారాసిటమాల్ అర్ధాయువు రెండు మూడు గంటలే. డయాజిపామ్‌ది ఒక రోజు దాటవచ్చు, ముసలివాళ్లలో ఇంకా ఎక్కువ. రాత్రి నిద్ర కోసం వేసుకున్న మాత్ర మర్నాడు పొద్దున మన దగ్గర నిలబడి బ్యాలెన్స్ పరీక్ష చేయించుకుంటున్నప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుందన్నమాట.

మందుల నియంత్రణ పాఠాన్ని మేడం హైదరాబాదు చరిత్రతో మొదలుపెట్టారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో ఆపరేషన్లకు ఇచ్చే క్లోరోఫామ్ మత్తు ఎంత సురక్షితమో తేల్చడానికి 1888లోనూ 1889లోనూ ఇక్కడ క్లోరోఫామ్ కమిషన్లు జరిగాయి. రెండో కమిషన్‌కు లాన్సెట్ వైద్య పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు లండన్ నుంచి వచ్చాడు. ఖర్చు నిజాం భరించాడు. జంతువుల మీద వందలకొద్దీ ప్రయోగాలు చేసి, క్లోరోఫామ్ వల్ల ముందు శ్వాస ఆగుతుందని, గుండెకు నేరుగా ప్రమాదం లేదని కమిషన్ తేల్చింది. 1911లో పరిశోధకుడు గుడ్‌మన్ లెవీ, తేలికపాటి క్లోరోఫామ్ మత్తులో ఉన్న పిల్లులకు అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె లయ తప్పి ఆగిపోతుందని చూపించాక ఆ తీర్పు నిలవలేదు. అంత పెద్ద ఎత్తున జరిగిన పరిశోధన కూడా అసలు ప్రమాదాన్ని చూడలేకపోయింది. ఒక మందు మార్కెట్లోకి వచ్చిన తర్వాత కూడా దాన్ని గమనిస్తూనే ఉండాలనడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

చట్టాల సంగతి క్లుప్తంగా చెబుతాను. కర్నల్ చోప్రా అధ్యక్షతన 1930-31లో పనిచేసిన విచారణ సంఘం సిఫారసుల నుంచి 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, ఆ వెనుక 1945 నాటి నిబంధనలు వచ్చాయి. కొత్త మందుకు, క్లినికల్ ట్రయల్‌కు అనుమతి ఇచ్చేది ఢిల్లీలోని కేంద్ర సంస్థ. దాని అధిపతిని డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ అంటారు. మందుల షాపుకు లైసెన్సు ఇవ్వడం, ఇన్‌స్పెక్టర్లను పంపి శాంపిళ్లు తీయించడం వంటివి రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం చూసుకుంటుంది. ఏ మందును ఎలా అమ్మాలో చెప్పే జాబితాల, అంటే షెడ్యూళ్ల, గురించి పుస్తకంలో ఎంత చదివినా బుర్రకెక్కకపోయేసరికి, కోఠిలో మెడికల్ షాపు నడిపే మా బాబాయి దగ్గరికి వెళ్లాను. గోడకు ఫ్రేము కట్టి తగిలించిన లైసెన్సును చూపించి, తర్వాత ఆయన బల్ల సొరుగులోంచి ఒక లావుపాటి రిజిస్టరు తీశారు. "ఇది హెచ్ వన్ రిజిస్టరు. ఈ మందు ఏది అమ్మినా రాసిన డాక్టరు పేరు, పేషెంటు పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చామో ఇందులో ఎక్కాల్సిందే. మూడేళ్లు దాచాలి. ఇన్‌స్పెక్టరు వస్తే ముందు అడిగేది ఇదే" అన్నారు.

ఆ హెచ్ వన్ షెడ్యూలు 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. యాంటీబయాటిక్‌లను, అలవాటు పడే మందులను ఇష్టం వచ్చినట్టు అమ్మకుండా కట్టడి చేయడం దాని ఉద్దేశం. స్ట్రిప్పు మీద ఎరుపు అంచుతో ఒక పెట్టె గీసి అందులో హెచ్చరిక ముద్రిస్తారు. బాబాయి చూపించిన పేజీలో ఎక్కువగా కనిపించిన పేర్లు నన్ను ఆలోచనలో పడేశాయి. నడుంనొప్పికి రాసే ట్రమడాల్, కండరాల పట్టుకు రాసే డయాజిపామ్, ఛాతీ ఇన్ఫెక్షన్‌కు రాసే లెవోఫ్లాక్సాసిన్. ఆ పేజీలో ఉన్నవాళ్లలో సగం మంది ఏదో ఒక రోజు ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లేనని అప్పుడు అనిపించింది.

ఇంటర్న్‌షిప్‌లో న్యూరాలజీ వార్డు పోస్టింగు పడినప్పుడు ఒక పెద్దాయన పార్కిన్సన్స్ వ్యాధితో రోజూ మా దగ్గరికి వచ్చేవారు. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి తిరిగి వచ్చి కూర్చోవడానికి పట్టే సమయాన్ని మేం కొలిచేవాళ్లం. ఒకరోజు 16 సెకన్లలో చేసినాయన మరునాడు 34 సెకన్లు తీసుకున్నారు. వెనక్కి తిరిగేటప్పుడు కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయారు కూడా. వ్యాధి ముదిరిందేమోనని ఆయన కొడుకు కంగారుపడ్డారు. మా సీనియర్ మాత్రం నడక సంగతి పక్కన పెట్టి, "పెద్దాయనా, పొద్దున గోలి ఎన్నింటికి వేసుకున్నరు, ఏం తిన్నరు" అని అడిగారు. పార్కిన్సన్స్‌కు ఇచ్చే లెవోడోపా మాత్ర ఉదయం 7 గంటలకే వేసుకున్నారు, వెంటనే రెండు ఉడకబెట్టిన గుడ్లు తిన్నారు, మా దగ్గరికి వచ్చేసరికి 11 దాటింది. తోడు మందు కార్బిడోపాతో కలిపి ఇచ్చినా లెవోడోపా అర్ధాయువు సుమారు గంటన్నరే. పైగా పేగుల్లోనూ, రక్తం నుంచి మెదడులోకి వెళ్లే చోటా మాంసకృత్తుల నుంచి వచ్చే అమైనో ఆమ్లాలు దానికి పోటీ వస్తాయి. ముందు రోజు ఆయన వచ్చింది మాత్ర వేసుకున్న గంటకు, మరునాడు వచ్చింది మాత్ర ప్రభావం దిగిపోయాక. రెండు కొలతలూ నిజమే అయినా వాటిని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఆ తర్వాత మేం చేసినవి రెండు పనులు. కొత్త నడక వ్యూహాలు నేర్పే సెషన్లను మాత్ర బాగా పనిచేసే వేళకు మార్చాం. కొలతలు కూడా అదే వేళకు తీసి, ప్రతి అంకె పక్కన చివరి మాత్ర వేసుకున్న సమయం రాశాం. మాత్రను ఎప్పుడు వేసుకోవాలి, తిండికి ఎంత ముందు, మోతాదు పెంచాలా అన్నవి న్యూరాలజిస్టు నిర్ణయాలు కనుక, మేం గమనించినదాన్ని టైముతో సహా కేస్ షీటులో రాసి ఆయనకు పంపాం. పని పంపకం ఇలా ఉండటం మాకు తక్కువతనమని నాకు ఎప్పుడూ అనిపించలేదు. రోజూ ముప్పావుగంట సేపు రోగిని కదిలించి చూసే అవకాశం మాకు తప్ప ఇంకెవరికీ ఉండదు కాబట్టి, ఆ సమాచారం మా దగ్గరి నుంచే వెళ్లాలి.

గుండె పునరావాస విభాగంలో అర్థమైన సంగతి మా నాన్నగారి స్ట్రిప్పుతో ముడిపడినది. 220లోంచి వయసు తీసేసి, అందులో ఇంత శాతం నాడి వేగం వచ్చేదాకా నడిపించాలని పాఠంలో చెబుతారు. 58 ఏళ్ల మనిషికి ఆ లెక్కన గరిష్ఠం 162. కానీ మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్ వాడుతున్న రోగిలో అడ్రినలిన్ చెప్పినా గుండె అంతగా పరుగెత్తదు. నాడి 100 దగ్గరే ఉందని ట్రెడ్‌మిల్ వేగం పెంచుతూ పోతే రోగి ఆయాసంతో కూలబడవచ్చు. అందుకని రోగి స్వయంగా చెప్పే శ్రమను 6 నుంచి 20 వరకు ఉండే బోర్గ్ స్కేలు మీద గుర్తించి, 11 నుంచి 13 మధ్య ఉంచడం మాకు నేర్పారు. ఇదే విభాగంలో ఇంకో జాగ్రత్త కూడా చెప్పారు. బీపీకీ ప్రోస్టేట్ సమస్యకూ ఇచ్చే ప్రాజోసిన్, టామ్సులోసిన్ వంటివి, మూత్రం ఎక్కువగా పోయించే మందులు వాడేవాళ్లు పడుకున్న చోటి నుంచి ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోతుంది కాబట్టి ముందు కూర్చోబెట్టి, కాస్త ఆగి లేపాలి.

మనం వాడే వేడి కూడా మందు మీద పనిచేస్తుందని చాలామంది విద్యార్థులు పట్టించుకోరు. క్యాన్సర్ నొప్పికి చర్మం మీద అంటించే ఫెంటానిల్ ప్యాచ్ మీద గానీ దగ్గర్లో గానీ హాట్ ప్యాక్ పెడితే మందు రక్తంలోకి చేరే వేగం పెరిగి శ్వాస మందగించే ప్రమాదం ఉంది. తొడకు ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకున్న వెంటనే ఆ కాలితోనే సైకిల్ తొక్కిస్తే ఇన్సులిన్ త్వరగా ఎక్కి షుగర్ పడిపోవచ్చు. వెన్నుపాము దెబ్బతిన్న రోగికి బాక్లోఫెన్ ఇచ్చి కాళ్ల బిగువు తగ్గిస్తే, అంతవరకు ఆ బిగువు ఆసరాతోనే నిలబడుతున్న మనిషి నిలబడలేకపోవచ్చు. ఆ మందును రోగి తనంతట తాను ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చే అవకాశం కూడా ఉంది కనుక, తేడా కనిపించగానే వైద్యుడికి చెప్పాలి.

కీళ్లనొప్పుల విభాగంలో నాకు బాధ కలిగించినది పేరూ ఊరూ లేని పొట్లాల సంగతి. ఒకామె మోకాళ్ల నొప్పికి ఎవరో ఇచ్చిన పొడిని చాలాకాలంగా వాడుతూ వచ్చింది. ముఖం గుండ్రంగా ఉబ్బింది, చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవలేకపోతోంది. తుంటి, తొడ కండరాలు అలా బలహీనపడటం స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడినవాళ్లలో చూస్తాం. ఆ పొట్లం మీద ఒక్క అక్షరం కూడా లేదు. పొడిలో ఏముందో మేం చెప్పలేం, కానీ స్టెరాయిడ్ అయి ఉంటే ఉన్నట్టుండి మానేయడం ప్రాణాల మీదికి తెస్తుంది కాబట్టి, "మానెయ్యమ్మా" అని కూడా మేం అనకుండా ఆమెను అదే రోజు వైద్యుడి దగ్గరికి పంపాం. పక్షవాతాన్నీ కీళ్లవాతాన్నీ నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. అటువంటి ప్రకటనలు నమ్మి నష్టపోయినవాళ్లను ఎక్కువగా చూసేది మేమే కాబట్టి ఈ చట్టాన్ని మా విద్యార్థులు చదివి తీరాలని నా అభిప్రాయం.

ఈ చదువంతా ఒక్కచోట కూడుకున్నది ఛాతీ వ్యాధుల విభాగంలో. దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి ఉన్న ఒక పెద్దమనిషి, వయసు 66, నడక వ్యాయామాలకు వస్తూ ఒకరోజు, "మడమ పైన గుంజుతాంది బిడ్డా, మెట్లు దిగుతుంటే పానం పోతాంది" అన్నారు. రెండు కాళ్లలోనూ మడమ వెనుక నరంలా తగిలే, పిక్క కండరాన్ని ఎముకకు కలిపే అకిలిస్ స్నాయువు మందంగా ఉంది, నొక్కితే నొప్పి. బోర్లా పడుకోబెట్టి పిక్కను పిండితే పాదం కిందికి వంగింది కాబట్టి అకిలిస్ స్నాయువు తెగలేదని తెలిసింది. మామూలుగా అయితే ఇటువంటి నొప్పికి మడమలు నెమ్మదిగా దించే వ్యాయామం మొదలుపెడతాం. కానీ ఆయన సంచీలో ఉన్న స్ట్రిప్పులు తీయించి చూస్తే లెవోఫ్లాక్సాసిన్ 500, దాని పక్కన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ కనిపించాయి. ఛాతీ ఇన్ఫెక్షన్‌కు ఎప్పుడో రాసిన పాత చీటీ చూపించి, మళ్లీ దగ్గు రాగానే ఆ యాంటీబయాటిక్‌ను తెచ్చుకున్నారట. ఆ షాపువాళ్లు తేదీ అడగలేదట.

ఫ్లోరోక్వినొలోన్ కుటుంబానికి చెందిన ఈ మందుల వల్ల స్నాయువులు వాయవచ్చు, తెగవచ్చు కూడా. అమెరికా నియంత్రణ సంస్థ 2008లోనే వీటి మీద నల్ల పెట్టె హెచ్చరిక, అంటే అన్నిటికంటే తీవ్రమైన హెచ్చరిక, పెట్టించింది. 60 దాటినవాళ్లలో, స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లలో ప్రమాదం ఇంకా ఎక్కువ. ఈయనలో ఆ రెండూ ఉన్నాయి. ఆ రోజు మడమ మీద భారం పడే ఏ వ్యాయామమూ చేయించకుండా, శ్వాస వ్యాయామాలూ చేతుల వ్యాయామాలూ మాత్రం చేయించి, వెంటనే పల్మనాలజీ డాక్టరుగారికి చూపించాం. ఆయన ఆ మందు ఆపించి వేరే యాంటీబయాటిక్ రాశారు.

అక్కడితో ఆగకుండా మా సీనియర్ నన్ను ఏడీఆర్ ఫారం, అంటే మందు వల్ల జరిగిన హానిని తెలిపే ఫారం, నింపమన్నారు. దేశవ్యాప్తంగా 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలను గమనించే) కార్యక్రమానికి ఇండియన్ ఫార్మకోపియా కమిషనే సమన్వయ కేంద్రం. మందు వల్లనే జరిగిందని రుజువు అక్కర్లేదు, అనుమానం ఉంటే చాలు. ఫారంలో రోగి పూర్తి పేరు ఉండదు, పొడి అక్షరాలు, వయసు రాస్తే చాలు. ఏం జరిగింది, ఏ తేదీన మొదలైంది, ఏ మందు మీద అనుమానం, ఆ మందు ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు ఆపారు, ఆపాక తగ్గిందా, రాస్తున్నది ఎవరు అన్నవి ముఖ్యం. నాకు ఎక్కువ సమయం పట్టింది మందు మొదలైన తేదీ దగ్గర. రోగికి గుర్తు లేదు. చివరకు దసరా మరుసటి రోజు కొన్నారని ఆయన భార్య చెబితే దాన్నిబట్టి రాశాం. బ్యాచ్ నంబరు స్ట్రిప్పు చింపిన కొసన ఉండాల్సింది, అదృష్టవశాత్తు ఇంట్లో రెండో స్ట్రిప్పు దొరికింది. తోడుగా వాడుతున్న ఇతర మందుల గడి ఒకటుంటుంది, అందులో సొంతంగా కొనుక్కున్నవీ మూలికలూ కూడా రాయాలి. ఫారం పంపినంత మాత్రాన వైద్యుడిదో కంపెనీదో తప్పని ఒప్పుకున్నట్టు కాదని అందులోనే స్పష్టంగా ఉంటుంది. ఈ మాట చదివాక రాయడానికి జంకు పోయింది. నింపినదాన్ని మా ఆసుపత్రి ఫార్మకాలజీ విభాగంలోని పర్యవేక్షణ కేంద్రంలో ఇచ్చాను. కేంద్రం లేని చోట పనిచేసేవాళ్లు, రోగులు కూడా, 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోను చేసి చెప్పవచ్చు.

ఆ పెద్దమనిషి మడమల నొప్పి తగ్గుముఖం పట్టాక భారాన్ని చాలా నెమ్మదిగా పెంచుతూ వచ్చాం. మందు ఆపిన కొన్ని నెలల తర్వాత కూడా స్నాయువు తెగిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి, ఆ జాగ్రత్తను డిశ్చార్జి కాగితం మీద రాసిచ్చాం.

ఫారం ఇవ్వడానికి వెళ్లినప్పుడే అక్కడి మేడం ఇంకో ఫారం చూపించారు. అది వైద్య పరికరాలది. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం దృష్టిలో ఔషధాల కిందికే వస్తాయి. అంటే నొప్పి తగ్గించడానికి మేం రోజూ వాడే టెన్స్, అల్ట్రాసౌండ్, ఐఎఫ్‌టీ యంత్రాలు కూడా 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల పరిధిలోనివే. వాటి వల్ల జరిగే హానిని నమోదు చేయడానికి 2015లో మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. మందు రాయకపోయినా యంత్రం పెట్టేది మన చేతులే కాబట్టి ఈ రెండో ఫారం మనకు మరింత సొంతం. ఎలక్ట్రోడ్ కింద చర్మం కాలినా, యంత్రం దానంతటదే తీవ్రత పెంచినా, రోగికి చికిత్స అందించిన వెంటనే ఆ యంత్రాన్ని పక్కన పెట్టి, దాని మోడలు, సీరియల్ నంబరు, తయారీదారు పేరు, ఆ సమయంలో పెట్టిన సెట్టింగులు అప్పటికప్పుడే రాసి పెట్టుకోవాలి. సర్వీసుకు పంపేశాక ఆ వివరాలు మళ్లీ దొరకవు.